కాగిన నూనె నుంచి బయోడీజిల్

వంట నూనెను ఎంతవరకు కాచవచ్చు, ఏ దశలో దాన్ని పక్కన పెట్టాలి అన్న ప్రశ్నకు భారతదేశంలో చట్టం ఒక అంకెతో జవాబు చెప్పడం 2018 జూలై 1 నుంచి మొదలైంది. ఆనాడు అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, వేపుడుకు వాడే నూనెలో ‘మొత్తం ధ్రువ సమ్మేళనాలు’ 25 శాతం దాటితే ఆ నూనె ఆహారానికి పనికిరాదు. అంతవరకు వంటవాడి కన్నూ ముక్కూ తప్ప వేరే కొలత లేని వ్యవహారానికి ఒక గీటురాయి దొరికింది. కానీ, పనికిరాదని తేలిన నూనె ఎక్కడికి పోవాలన్న రెండో ప్రశ్న వెంటనే తలెత్తింది. దానికి దొరికిన సమాధానాలలో ముఖ్యమైనది బయోడీజిల్.

ధ్రువ సమ్మేళనాలంటే ఏమిటో తెలియాలంటే మూకుడులో జరిగే మార్పులను గమనించాలి. తాజా నూనెలో దాదాపు అంతా ట్రైగ్లిసరైడ్లే ఉంటాయి. ఒక దండేనికి మూడు పొడవాటి గొలుసులు తగిలించినట్టు, గ్లిసరిన్ అనే చిన్న అణువుకు కొవ్వు ఆమ్లాలు అనే మూడు గొలుసులు అతుక్కుని ఉన్న నిర్మాణమే ట్రైగ్లిసరైడు. గారెలో, బజ్జీలో, పూరీలో ఉన్న తేమ 170 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆవిరై పైకి వస్తూ ఈ గొలుసులలో కొన్నింటిని తెంపుతుంది. అలా విడిపోయినవాటిని స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు అంటారు. అదే సమయంలో గాలిలోని ఆక్సిజన్ గొలుసులను మధ్యలో తాకి ఆల్డిహైడ్ల వంటి ఘాటైన పదార్థాలను పుట్టిస్తుంది. మరికొన్ని అణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవై నూనెను చిక్కబరుస్తాయి. నూనె నల్లబడటం, నురుగు విడవకుండా పేరుకోవడం, నీలి బూడిద రంగు పొగ రావడం ఈ మార్పులకు పైకి కనిపించే గుర్తులు. ఇలా పుట్టిన పదార్థాలలో విద్యుదావేశం అణువు అంతటా సమంగా పరుచుకోకుండా ఒక వైపు మొగ్గి ఉంటుంది కాబట్టి వాటిని ధ్రువ సమ్మేళనాలు అంటారు. ఈ లక్షణమే కొలతకు కూడా ఆధారమైంది. చేతిలో పట్టే మీటరు కొసను వేడి నూనెలో ముంచితే, నూనె విద్యుత్ స్వభావంలో వచ్చిన తేడాను బట్టి శాతం ఎంతో కొన్ని క్షణాలలో తెరమీద కనిపిస్తుంది.

ఇటువంటి నూనెను పదే పదే తినడానికి, రక్తపోటు, రక్తనాళాలు గట్టిపడటం, కాలేయ వ్యాధుల వంటి అనారోగ్యాలకు సంబంధం ఉందని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ, అంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ, హెచ్చరిస్తూ వస్తున్నది. తెలుగువారి తిండిలో వేపుడుకు ఉన్న చోటు చిన్నది కాదు. పొద్దున టిఫిన్ సెంటర్లో పూరీ, మైసూరు బజ్జీ, సాయంత్రం బండి మీద మిరపకాయ బజ్జీ, పునుగులు, పండగ వస్తే మిఠాయి దుకాణాలలో అరిసెలు, జంతికలు, కజ్జికాయలు నూనెలో దేవుతూనే ఉంటారు. అందువల్ల ఈ హెచ్చరికను తెలుగు సమాజం ఇతరులకంటే ఎక్కువ శ్రద్ధతో వినవలసి ఉంది.

నిబంధన రాకముందు, నిజానికి వచ్చిన తరువాత కూడా చాలాచోట్ల, పెద్ద వంటశాలలలో నల్లబడిన నూనె చేసే ప్రయాణం వేరు. పెద్ద హోటలు, క్యాంటీన్, చిప్స్ తయారు చేసే కార్ఖానా తమకు అక్కరలేని నూనెను తక్కువ ధరకు అమ్మివేస్తే, దాన్ని కొన్నవారిలో కొందరు సబ్బుల తయారీకి పంపుతారు, మరికొందరు వడగట్టి మళ్లీ చిన్న తినుబండారాల వ్యాపారులకే చేరుస్తారు. కొత్త నూనె ధర భరించలేని చిరువ్యాపారి దాన్ని కొత్త నూనెలో కలిపి మూకుడులో పోస్తే, ఒకసారి పాడైన నూనె రెండోసారి మనిషి కడుపులోకి చేరుతుంది. పైగా, పాత నూనె కలిసిన కొత్త నూనె తొందరగా పాడవుతుంది, ఎందుకంటే అప్పటికే విడిపోయిన ఆమ్లాలు, పెరాక్సైడ్లు తక్కిన నూనె విచ్ఛిన్నాన్ని కూడా త్వరపెడతాయి. ఈ బెడద ఒక్క భారతదేశానిదే కాదు. చైనాలో హోటళ్ల జిడ్డు గుంటల నుంచి, మురుగు కాలువల నుంచి తోడిన నూనెను శుద్ధి చేసి వంట నూనెగా అమ్ముతున్న ముఠాను 2011లో పోలీసులు పట్టుకున్నప్పుడు, అది 14 రాష్ట్రాలకు పాకినట్టు బయటపడి, 32 మంది అరెస్టయ్యారు.

డబ్బు విలువ ఉన్న వస్తువును నిషేధం ఒక్కటే అడ్డుకోలేదు. దాన్ని సక్రమంగా కొనే మరో కొనుగోలుదారు ఉన్నప్పుడే చెడు బేరం నీరసిస్తుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 ఆగస్టులో ‘రూకో’ అనే పేరుతో వాడిన వంట నూనెను వేరే పనికి మళ్లించే కార్యక్రమాన్ని మొదలుపెట్టడంలోని ఆంతర్యం ఇదే. 2019 మార్చి 1 నుంచి, రోజుకు 50 లీటర్లకు మించి వేపుడు నూనె వాడే సంస్థలు ఎంత వాడినదీ, ఎంత పక్కన పెట్టినదీ, ఎవరికి ఇచ్చినదీ లెక్క రాసిపెట్టాలని, నమోదైన సేకరణదారులకే దాన్ని అప్పగించాలని నియమం వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 10న, ప్రపంచ జీవ ఇంధన దినోత్సవం నాడు, ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం అనే మూడు ప్రభుత్వరంగ చమురు కంపెనీలు, వాడిన నూనెతో తయారైన బయోడీజిల్‌ను 100 నగరాలలో కొనడానికి ముందుకు వచ్చాయి. మొదటి ఏడాది లీటరుకు 51 రూపాయలు, రెండో ఏడాది 52 రూపాయల 70 పైసలు, మూడో ఏడాది 54 రూపాయల 50 పైసలు ఇస్తామని ముందే ప్రకటించడంలో ఒక దూరదృష్టి ఉంది. కర్మాగారం పెట్టేవాడికి మూడేళ్లపాటు సరుకు అమ్ముడవుతుందన్న భరోసా లేకపోతే, అతడు ఊరూరా తిరిగి నూనె పోగుచేసే యంత్రాంగాన్ని నిర్మించడు.

జీవ ఇంధన దినోత్సవం ఆగస్టు 10నే జరగడానికి కారణం, 1893లో ఆ రోజున రుడాల్ఫ్ డీజిల్ నిర్మించిన ఇంజను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో మొదటిసారి కదలడం. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు. రాయలసీమ మెట్ట పొలాలలో పండే ఆ పంట నూనె ఇంజనుకు ఇంధనం కాగలదని నూరేళ్లకు పూర్వమే రుజువైనా, శుద్ధమైన నూనెను నేరుగా ఇంజనులో పోసి దీర్ఘకాలం నడపడం సాధ్యం కాలేదు. వంట నూనెల చిక్కదనం, అంటే శాస్త్ర పరిభాషలో స్నిగ్ధత, డీజిల్ కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ. అంత చిక్కటి ద్రవాన్ని ఇంజెక్టర్ సన్నని తుంపరగా వెదజల్లలేదు. పెద్ద బొట్లుగా పడిన నూనె పూర్తిగా కాలక మసి కడుతుంది, ఇంజెక్టర్ కొసలు మూసుకుపోతాయి, పిస్టన్ రింగులు అంటుకుపోతాయి. ఈ చిక్కుముడిని విప్పినవాడు బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జి. షవాన్. పామాయిల్‌ను ఆల్కహాల్‌తో చర్య జరిపి పల్చని ఇంధనంగా మార్చే పద్ధతికి 1937 ఆగస్టు 31న ఆయనకు బెల్జియంలో పేటెంటు లభించింది. ఆ మరుసటి ఏడాది బ్రస్సెల్స్, లూవెన్ నగరాల మధ్య ఒక బస్సును ఆ ఇంధనంతో నడిపారు. ఈనాటి బయోడీజిల్ కర్మాగారాలన్నింటిలో జరిగేది సారాంశంలో ఆ చర్యే.

దీన్ని రసాయన శాస్త్రంలో ట్రాన్స్‌ఎస్టరిఫికేషన్ అంటారు. ట్రైగ్లిసరైడులోని మూడు గొలుసులనూ గ్లిసరిన్ నుంచి విడదీసి, ఒక్కొక్క గొలుసుకు ఒక్కొక్క మిథనాల్ అణువును తగిలించడమే దాని పని. మిథనాల్ అతి చిన్న ఆల్కహాల్. చర్య వేగంగా సాగడానికి కాస్టిక్ సోడా గానీ, పొటాషియం హైడ్రాక్సైడ్ గానీ కొద్ది మోతాదులో కలుపుతారు. తాను ఖర్చు కాకుండా చర్యను త్వరపెట్టే ఇలాంటి పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు. మిథనాల్ 65 డిగ్రీల దగ్గర మరిగిపోతుంది కనుక మిశ్రమాన్ని 60 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంచి కలియబెడతారు. గంటా రెండు గంటలలో చర్య పూర్తయి, కలపడం ఆపితే ద్రవం రెండు పొరలుగా తేరుకుంటుంది. బరువైన గ్లిసరిన్ అడుగుకు దిగుతుంది, పైన తేలే బంగారు రంగు ద్రవమే మిథైల్ ఎస్టర్లు, అంటే బయోడీజిల్. సుమారు 100 కిలోల నూనెకు 11 కిలోల మిథనాల్ ఖర్చయి, 100 కిలోల బయోడీజిల్, పది పదకొండు కిలోల గ్లిసరిన్ వస్తాయి. చర్య వెనక్కి మళ్లకుండా ఉండటానికి కర్మాగారాలలో మిథనాల్‌ను అవసరానికి రెట్టింపు పోసి, మిగిలినదాన్ని ఆవిరి చేసి తిరిగి పట్టుకుంటారు. ఈ మిథనాల్ చాలావరకు సహజ వాయువు నుంచీ బొగ్గు నుంచీ తయారయ్యేదే. కాబట్టి బయోడీజిల్ పూర్తిగా జీవజన్యం అనడం సరికాదు, అందులో కొంత భాగం భూగర్భ ఇంధనాలకు రుణపడి ఉంది.

తాజా నూనెతో ఇంత సులువుగా సాగే ఈ పని వాడిన నూనె దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుంటుంది. మూకుడులో విడిపోయిన స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు కాస్టిక్ సోడా తగలగానే సబ్బుగా మారిపోతాయి. ఆ సబ్బు బయోడీజిల్‌నూ గ్లిసరిన్‌నూ విడిపోనివ్వకుండా ఒక జిగట నురుగులా పట్టి ఉంచుతుంది, ఉత్ప్రేరకం వృథా అవుతుంది, దిగుబడి పడిపోతుంది. నూనెలో నీరు మిగిలి ఉంటే నష్టం ఇంకా పెరుగుతుంది. అందువల్ల సేకరించిన నూనెను ముందు వెచ్చబెట్టి, పిండి తునకలు, మాడిన ముక్కలు పోయేలా వడగట్టి, నీటిని ఆవిరి చేసి, ఆపై ఆమ్ల పరీక్ష చేస్తారు. స్వేచ్ఛా ఆమ్లాలు రెండు శాతానికి లోపు ఉంటే నేరుగా క్షార చర్యకు పంపవచ్చు. మించితే, గంధకికామ్లం సాయంతో మిథనాల్ కలిపి ఆ ఆమ్లాలను ముందుగానే ఎస్టర్లుగా మార్చాలి. చర్య ముగిశాక సబ్బు, ఉత్ప్రేరకం జాడలు పోయేలా కడిగి, ఆరబెట్టి, పరీక్షకు పంపుతారు. భారత ప్రమాణం ఐఎస్ 15607 ప్రకారం అందులో ఎస్టర్లు కనీసం 96.5 శాతం ఉండాలి, నీరు కిలోకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ ఈ రంగంలో ఏళ్ల తరబడి పరిశోధన చేసిన సంస్థలు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పైన వర్ణించిన చర్య చదవడానికి ఎంత తేలికగా కనిపించినా, ఇది ఇంటి పెరట్లో చేయదగిన పని కాదు. మిథనాల్ విషం. కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. కాస్టిక్ సోడా, గంధకికామ్లం చర్మాన్నీ కళ్లనూ కాల్చివేస్తాయి.

ప్రమాణానికి తగ్గట్టు తయారైన బయోడీజిల్ ఇంజనులో సక్రమంగానే పనిచేస్తుంది. అణువులోనే పదకొండు శాతం దాకా ఆక్సిజన్ ఉండటంతో బాగా కాలి పొగను, మసిని తగ్గిస్తుంది. మంట పట్టుకునే ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు పైన ఉండటం వల్ల నిల్వ చేయడంలో డీజిల్ కంటే భద్రమైనది. కిలోకు వచ్చే శక్తి మాత్రం డీజిల్ కంటే పది పన్నెండు శాతం తక్కువ. నైట్రోజన్ ఆక్సైడ్ల ఉద్గారం కొద్దిగా పెరుగుతుంది, నెలల తరబడి నిల్వ ఉంచితే ఆక్సిజన్ తగిలి చెడిపోతుంది. పామాయిల్ పాలు ఎక్కువగా ఉన్న వేపుడు నూనె నుంచి వచ్చిన బయోడీజిల్ చలిలో పేరుకుంటుంది. కోస్తాలో ఇది పెద్ద ఇబ్బంది కాదు గానీ, ఉత్తరాది శీతకాలంలో తప్పక లెక్కలోకి వచ్చే విషయం. ఇటువంటి కారణాల వల్లనే దాన్ని విడిగా కాక, డీజిల్‌లో కొద్ది శాతం కలిపి వాడటం ఆనవాయితీ అయింది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం హోటళ్ల నుంచి, ఇళ్ల నుంచి సేకరించిన నూనెతో తయారైన బయోడీజిల్‌ను 1994 నుంచి తన సిటీ బస్సులలో వాడుతూ వచ్చి, ఈ పద్ధతి ఊరి స్థాయిలో నిలదొక్కుకోగలదని చూపింది.

ఇక పరిమాణాల సంగతి. దేశంలో ఏటా సుమారు 2,700 కోట్ల లీటర్ల వంట నూనె వాడకం ఉందని, అందులో హోటళ్లు, క్యాంటీన్ల వంటి పెద్ద వినియోగదారుల నుంచి 140 కోట్ల లీటర్ల వాడిన నూనెను సేకరించవచ్చునని, దాని నుంచి 110 కోట్ల లీటర్ల బయోడీజిల్ వస్తుందని కేంద్ర ప్రభుత్వం 2019లో అంచనా వేసింది. ఈ అంకె పెద్దదిగానే వినిపిస్తుంది. కానీ దేశంలో ఏటా ఖర్చయ్యే డీజిల్ దాదాపు తొమ్మిది కోట్ల టన్నులు, అంటే పదివేల కోట్ల లీటర్లకు పైమాట. చేతికందే నూనె అంతా చుక్క మిగలకుండా బయోడీజిల్‌గా మారినా అది డీజిల్ అవసరంలో నూటికి ఒక పాలు దగ్గర ఆగిపోతుంది. 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టుకుంది. వాడిన నూనె ఒక్కటే ఆ లక్ష్యాన్ని మోయలేదు.

ఈ సందర్భంలో అడవి ఆముదం అనుభవాన్ని గుర్తుచేసుకోవడం మేలు. 2003 తరువాత జట్రోఫా అనే ఆ మొక్కను బీడు భూములలో నాటితే దేశానికి ఇంధనం పండుతుందని పెద్ద ఆశలు పెట్టుకున్నారు. నీరు, ఎరువు లేని చోట ఆ మొక్క బతికింది గానీ లాభసాటిగా కాయలేదు, నమ్మి నాటిన రైతు నష్టపోయాడు. అదే కాలంలో, అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గ్రామంలో ఆదివాసీ మహిళలు కానుగ గింజలతో నూనె తీసి, దానివల్ల కలిగే కర్బన ఉద్గారాల తగ్గింపును 2003లో ప్రపంచ బ్యాంకుకు అమ్మగలిగారు. అది ఊరి చెట్టును, ఊరి చేతులను నమ్ముకున్న చిన్న ప్రయత్నం కావడం వల్లనే సాగింది. కొత్తగా పంట పండించవలసిన ఇంధనం ఏదైనా భూమితో, నీటితో, తిండితో పోటీపడుతుంది. వాడిన నూనెకు ఆ దోషం లేదు. వంట నూనె అవసరాలలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో తాజా నూనెను ఇంజనులో పోయడం తప్పు. తినడానికి పనికిరాని నూనెను పోయడం ఒప్పు.

కాబట్టి ఈ కార్యక్రమం విలువను ఎన్ని లీటర్ల డీజిల్ ఆదా అయిందన్న లెక్కతో తూచడం సరైన పద్ధతి కాదు. బయోడీజిల్ కర్మాగారానికి చేరిన ప్రతి లీటరు కాగిన నూనె, మళ్లీ ఏ బజ్జీల బండికీ చేరకుండా తప్పించుకున్న లీటరు. ఇంధనం ఇందులో చిన్న లాభం, ప్రజల ఆరోగ్యం పెద్ద లాభం. అందువల్ల దీన్ని నడిపించవలసిన బాధ్యత చమురు శాఖది ఎంతో, ఆహార తనిఖీ అధికారులది అంతకంటే ఎక్కువ.

తయారీ సామర్థ్యం కొరత ఈ రంగానికి అసలు అడ్డంకి కాదు. అమెరికాకు చెందిన ఏమెటిస్ సంస్థ కాకినాడలో నడుపుతున్న ఒక్క కర్మాగారానికే ఏటా లక్షన్నర టన్నులకు పైగా బయోడీజిల్ తయారుచేసే శక్తి ఉంది. కష్టమంతా సేకరణలోనే ఉంది. ముడి చమురు ఒక బావి నుంచి ధారగా వస్తుంది. వాడిన నూనె మాత్రం వేలాది వంటగదులలో డబ్బా చొప్పున చెల్లాచెదురుగా ఉంటుంది. దాన్ని పోగుచేయడానికి అయ్యే రవాణా ఖర్చు, ఇచ్చేవారికి చెల్లించే ధర, దొంగచాటుగా కొనేవాడు ఆశ చూపే ధర, వీటి మధ్య తూకం తప్పితే నూనె మళ్లీ పాత దారినే పడుతుంది. 2021 సెప్టెంబరులో, కలపడానికి చమురు కంపెనీలకు అమ్మే బయోడీజిల్‌పై జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించడం ఈ తూకాన్ని సరిచేసే ప్రయత్నాలలో ఒకటి. దానికి తోడు ఇప్పుడు విమానాలు కూడా ఇదే నూనె కోసం చేయి చాస్తున్నాయి. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027లో 1 శాతం, 2028లో 2 శాతం, 2030లో 5 శాతం జీవ ఇంధనం కలపాలని భారత ప్రభుత్వం సూచనప్రాయ లక్ష్యాలు పెట్టుకుంది. అందుకు పనికివచ్చే ముడిసరుకులలో వాడిన వంట నూనె ముఖ్యమైనది. గిరాకీ పెరిగితే ధర పెరుగుతుంది. ధర పెరిగితే తాజా పామాయిల్‌నే వాడిన నూనెగా చూపి అమ్మే మోసం పుట్టుకొస్తుంది. ఐరోపా దేశాలు దిగుమతి చేసుకునే నూనె విషయంలో ఈ అనుమానం ఇప్పటికే బలంగా ఉంది. మన దేశంలో పరిశ్రమలలో వాడే ఏవేవో నూనెలను బయోడీజిల్ పేరుతో లారీలకు పోసే దొంగ బంకులు కూడా బయటపడ్డాయి. డబ్బా ఎక్కడ నిండిందో, ఎవరి చేతులు మారిందో చెప్పే రాతపూర్వక లెక్క లేనిదే ఈ రంగంలో నమ్మకం నిలవదు.

రోజుకు 50 లీటర్ల గీత వల్ల చిన్న టిఫిన్ సెంటర్లు, బండ్లు లెక్క రాసే నియమం బయటే ఉండిపోయాయి. పాత నూనె మళ్లీ తిరిగేది ఎక్కువగా అక్కడే కాబట్టి ఇది ఈ ఏర్పాటులోని పెద్ద లోపం. చిరువ్యాపారిని దండించడం దీనికి మందు కాదు. వారానికొకసారి బండి దగ్గరికే వచ్చి, నల్లబడిన నూనెను తూచి, అక్కడికక్కడే డబ్బు చెల్లించే ఏర్పాటును మున్సిపాలిటీలు చేయగలిగితే, పేద వ్యాపారికి కొత్త నూనె కొనుక్కునే వెసులుబాటు కొంత కలుగుతుంది.

హోటళ్ల, మెస్సుల, మిఠాయి దుకాణాల యజమానులు తమ జిల్లాలో ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదైన సేకరణదారులెవరో ఆహార భద్రతా అధికారిని అడిగి తెలుసుకుని, నూనెను వారికే ఇచ్చి రసీదు తీసుకోవాలి. గృహిణులు, గృహస్థులు పండగ వంటల తరువాత మిగిలిన నూనెను సింకులో, కాలువలో పోయరాదు. అది గొట్టాలలో గడ్డకట్టి మురుగును ఆపుతుంది, చెరువుకు చేరితే నీటిమీద పొరగా పరుచుకుని గాలి అందకుండా చేస్తుంది. ఊళ్లో ఇళ్ల నుంచి సేకరించే ఏర్పాటు ఉంటే చల్లార్చి వడగట్టిన నూనెను సీసాలో పోసి అక్కడ ఇవ్వాలి. లేకపోతే కొద్దిపాటి నూనెను ఇసుకలో గానీ పాత గుడ్డలో గానీ పీల్చుకోనిచ్చి చెత్తబుట్టలో వేయాలి.